మొండికేసిన బీబీసీ మైక్రో

పాతసామాను గదిలో దుమ్ముకొట్టుకున్న బీబీసీ మైక్రో కంప్యూటర్ మీ కంటబడిందనుకోండి. 1981లో బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ తయారుచేసిన యంత్రమిది. 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద మన దేశపు పాఠశాలలకు వచ్చింది కూడా ఇదే. వెంటనే స్విచ్ వేసి చూడాలనిపిస్తుంది కదూ? ఆగండి!

దీని పవర్ సప్లై పెట్టెలో కాగితపు పొరల కెపాసిటర్లుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి పైతొడుగు బీటలు వారి, తేమ లోపలికి చేరుతుంది. జుక్కల్ వానాకాలం సంగతి మీకు వేరే చెప్పాలా! అలాంటిదానికి 230 వోల్టులు తగిలితే గదినిండా పొగ, కంపు. ప్లగ్గు తీసినా ఆ పెట్టెలో కొంతసేపు విద్యుత్తు నిలిచివుంటుంది. కనుక మీరు చేయి పెట్టక, తెలిసిన మెకానిక్ చేత వాటిని మార్పించండి.

తరువాత స్విచ్ వేసి వినండి. బాగున్న యంత్రం ‘బూ... బీప్’ అంటుంది. ఆ ‘బూ’ ఎవరిదో తెలుసా? కరెంటు తగలగానే ధ్వని చిప్పు తనంతట తానే మోగుతుంది. 6502 మైక్రోప్రాసెసర్ రోమ్‌లోని ఆదేశాలు చదివి, దాని నోరు మూయించి, ఆపైన ‘బీప్’ అనిపిస్తుంది. మరి ‘బూ’ ఆగకుండా సాగిందంటే? ప్రాసెసర్ పని సరిగా మొదలే కాలేదన్నమాట!

చాలాసార్లు తప్పు చిన్నదే. చిప్పుల కాళ్ళకూ సాకెట్లకూ మధ్య చిలుము పడుతుంది. ప్లగ్గు తీసి, పెద్దల ఎదుట, రోమ్ చిప్పును మెల్లగా పైకి లాగి మళ్ళీ అదే దిశలో గుచ్చండి. తిరగేసి గుచ్చారో, చిప్పు పని సరి!

రెండు కూతలూ వినబడి తెర నల్లగానే ఉంటే కంప్యూటర్‌ను తిట్టకండి. ముందు టీవీ తీగ చూడండి.