అస్థి కండరాలు

మానవ శరీరంలో ఎముకలకు అంటుకొని ఉండి, మనిషి ఇచ్ఛానుసారం సంకోచించి వాటిని కదిలించే కండరాలను అస్థి కండరాలు అంటారు. సూక్ష్మదర్శినిలో అడ్డచారలు కనిపిస్తాయి కనుక చారల కండరాలు అనీ, మన అదుపులో ఉంటాయి కనుక నియంత్రిత కండరాలు అనీ వీటికి పేర్లు కలవు. ఇవి శరీరంలో 600కు పైగా ఉన్నాయి. పెద్దవారి శరీరపు బరువులో సుమారు 30 నుండి 40 శాతం వీటిదే.

హృదయ కండరం నాడుల ఆజ్ఞ లేకపోయినా తనంతట తాను కొట్టుకోగలదు. అస్థి కండరం అలా కాదు. నాడి నుండి సంకేతం రానిదే అది సంకోచించదు. ఊపిరి తీయించే కండరాలు కూడా అస్థి కండరాలే కావడం వలన ఈ భేదం ప్రాణానికి సంబంధించిన విషయం అవుతుంది. పూర్వపు వరంగల్ జిల్లా నుండి ప్రధానంగా 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో కల్లుగీత, పత్తి, మిరప సాగు ముఖ్యమైన జీవనాధారాలు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు ఆ పనులకు సంబంధించినవి.

నిర్మాణం

కండరం చుట్టూ సంధాయక కణజాలపు తొడుగు ఉంటుంది. ఈ తొడుగు చివరన గట్టిపడి, స్నాయుబంధనంగా మారి ఎముకకు అంటుకొంటుంది. కండరం లోపల తంతువులు కట్టలు కట్టలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క తంతువు ఒక కణం. దాని మందం 10 నుండి 100 మైక్రోమీటర్లే అయినా, పొడవు మాత్రం కొన్ని సెంటీమీటర్లు ఉండవచ్చును. పిండదశలో అనేక కణాలు కలిసి ఒక తంతువుగా ఏర్పడతాయి కనుక ఒకే కణంలో అనేక కేంద్రకాలు కనిపిస్తాయి. వ్యాయామం చేసినపుడు ప్రధానంగా ఉన్న తంతువులు లావెక్కుతాయి, వాటి సంఖ్య అంతగా పెరగదు.

తంతువులో పొడవునా సూక్ష్మతంతువులు, వాటిలో ఒకదాని వెంట ఒకటిగా సార్కోమియర్లు ఉంటాయి. సుమారు 2 మైక్రోమీటర్ల పొడవుండే సార్కోమియర్‌లో సన్నని ఆక్టిన్ పోగులు, మందపాటి మయోసిన్ పోగులు ఒకదాని నడుమ మరొకటి అమరి ఉంటాయి. పైన చెప్పిన చారలు ఈ అమరిక వలన ఏర్పడినవే.

ఎముకలను కదిలించే విధానం

కండరం లాగగలదే కాని నెట్టలేదు. అందువలన కండరాలు సాధారణంగా జంటలుగా పనిచేస్తాయి. దండచేతి ముందుభాగంలోని ద్విశిరస్క కండరం మోచేతిని ముడిస్తే, వెనుకనున్న త్రిశిరస్క కండరం దానిని చాపుతుంది. ద్విశిరస్క కండరం మోచేతి కీలుకు సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే ముంజేతి ఎముకకు అంటుకొని ఉంటుంది. అరచేయి సుమారు 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి గీతకార్మికుడు 5 కిలోల కల్లు లొట్టిని మోచేయి వంచి పట్టుకొన్నపుడు ఆ కండరం దాదాపు 40 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగవలసి ఉంటుంది. ఇది నష్టంలా కనిపించినా, కండరం కొద్దిగా కుదించుకొంటే చాలు, చేయి చాలా దూరం వేగంగా కదులుతుంది.

తాటిచెట్టు ఎక్కేవారు మోకును చెట్టు చుట్టూ, నడుము చుట్టూ వేసుకొని వెనుకకు వాలి, కాళ్ళతో మానును తన్నిపట్టి పైకి జరుగుతారు. పైన గెల గీస్తున్నంతసేపు తొడ, పిక్క, వీపు కండరాలు పొడవు మారకుండానే బిగిసి ఉంటాయి. కదలిక లేకపోయినా శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. బిగుసుకొన్న కండరంలో రక్తప్రసారం తగ్గుతుంది కనుక ఇటువంటి పనిలో అలసట త్వరగా వస్తుంది.

చెట్టు మీద నుండి పడి వెన్నుపాము తెగినవారిలో కాళ్ళ కండరాలకు దెబ్బ తగలకపోయినా అవి పనిచేయవు. మెదడు ఆజ్ఞ అందక నెలల్లోనే సన్నబడిపోతాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీతకార్మికులకు రక్షణ కిట్ల పంపిణీ ప్రారంభించింది.

సంకోచం, శక్తి

నాడీ సంకేతం అందగానే తంతువు లోపలి సంచుల నుండి కాల్షియం అయాన్లు విడుదలవుతాయి. వాటివలన ఆక్టిన్ మీది కప్పు తొలగుతుంది. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి, లాగి, వదిలి, మరల పట్టుకొంటాయి. పోగులు కుదించుకుపోవు, ఒకదాని మీదుగా ఒకటి జారుతాయి. ఈ సిద్ధాంతాన్ని 1954లో ఆండ్రూ హక్స్లీ, రోల్ఫ్ నీడెర్గెర్కె ఒక జంటగా, హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్ మరొక జంటగా ప్రకటించారు. ఇద్దరు హక్స్లీలకు బంధుత్వం లేదు.

మయోసిన్ తల పట్టు వదలడానికి ఏటీపీ అనే పదార్థం కావాలి. మరణానంతరం దేహం కొయ్యబారడానికి కారణం అది లేకపోవడమే.

ఈ శక్తి ఎక్కడిదో తెలుసుకోవడంలో ఒక తెలుగువాని పాత్ర పెద్దది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతితో కండరాన్ని పరిశీలించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం పనిచేసినపుడు ఇది విడిపోతుంది, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు (అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుగొన్నాడు). అప్పటివరకు కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని భావించేవారు. ఈ విషయంపై పరిశోధనలకే హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి లభించింది. సుబ్బారావు పేరు ఇంతటి పనికి తగినంతగా మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు.

కండరం వినియోగించే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినది వేడి అవుతుంది. భూపాలపల్లి భూగర్భ బొగ్గు గనులలో శ్రమించేవారికి పట్టే చెమటకు గాలిలోని ఉక్కతో పాటు ఇదీ కారణమే.

నాడీకండర సంధి

నాడి కొన కండరాన్ని నేరుగా తాకదు. మధ్యనున్న సన్నని సందులోకి నాడి అసిటైల్ కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది కండరం మీది గ్రాహకాలను చేరగానే సంకోచం మొదలవుతుంది. వెంటనే అసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని విచ్ఛిన్నం చేస్తుంది. ఈ చిన్న సందులో ఏర్పడే లోపం శరీరంలోని అస్థి కండరాలన్నింటినీ నిలిపివేయగలదు.

కట్లపాము విషం నాడి కొనలనే దెబ్బతీసి అసిటైల్ కోలిన్ విడుదలను ఆపుతుంది. ఈ పాము తరచుగా రాత్రివేళ నేలమీద నిద్రించేవారిని కాటువేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు కనుక కాటు సంగతే తెలియకపోవచ్చును. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. చివరకు ఉదర వితానం, పక్కటెముకల మధ్య కండరాలు చచ్చుబడి శ్వాస ఆగుతుంది. గుండె మాత్రం కొట్టుకొంటూనే ఉంటుంది. రోగికి స్పృహ కూడా ఉండవచ్చును. దెబ్బతిన్న నాడి కొనలను విరుగుడు మందు బాగుచేయలేదు. వెంటిలేటరు మీద ఉంచితే అవి కొన్ని రోజులలో తిరిగి పెరిగి రోగి కోలుకొంటాడు. ఈ పాముల ప్రజాతికి గల బంగారస్ అనే శాస్త్రీయ నామం తెలుగు మాట బంగారం నుండి వచ్చినదే. కండరం మీది అసిటైల్ కోలిన్ గ్రాహకాన్ని వేరుచేయడానికి శాస్త్రజ్ఞులు వాడిన బంగారోటాక్సిన్‌లోనూ ఆ మాటే ఉంది.

పత్తి, మిరప చేలపై చల్లే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఇందుకు విరుద్ధంగా పనిచేస్తాయి. ఇవి ఎంజైమును అడ్డుకొంటాయి, అసిటైల్ కోలిన్ పేరుకొంటుంది. కండరాలు ముందు అదురుతాయి, తరువాత నీరసించిపోతాయి. ఈ మందులు చర్మం ద్వారా కూడా శరీరంలోకి ప్రవేశిస్తాయి. తడిసిన బట్టలను వెంటనే విప్పి, ఒంటిని సబ్బుతో కడగాలని చెప్పేది అందుకే. అట్రోపిన్ నోటి, ఊపిరితిత్తుల స్రావాలను తగ్గించి ప్రాణం కాపాడుతుంది కాని కండరాల నీరసాన్ని పోగొట్టలేదు. మొదటి లక్షణాలు తగ్గాక, 1 నుండి 4 రోజుల మధ్య మెడ కండరాలు, శ్వాస కండరాలు చచ్చుబడవచ్చును. శ్రీలంక వైద్యులు 1987లో దీనిని మధ్యంతర లక్షణ సముదాయంగా వర్ణించారు. పడుకొన్న రోగి దిండు మీది నుండి తల ఎత్తలేకపోవడం దీని తొలి గుర్తు. తేరుకొన్నాడని రోగిని తొందరపడి ఇంటికి తీసుకొనిపోవడం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

రెండు సందర్భాలలోనూ వెంటిలేటరు ఉన్న ఆసుపత్రి ఎంత దూరంలో ఉన్నదన్నది ముఖ్యం. ఈ ప్రాంతపు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.