బండి కింద, బ్యాటరీ పైన

అపార్టుమెంటు మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లు ఎలక్ట్రిక్ స్కూటరు కొనబోతే, షాపువాళ్లు ముందు చూపించేది బ్యాటరీ ఊడదీసుకునే మోడలే. సీటెత్తి పిడి పట్టుకుని లాగితే పది పన్నెండు కిలోల డబ్బా చేతికొస్తుంది. సెల్లార్లో ప్లగ్గు పాయింటు కోసం ఓనరుతో తగువు పడక్కర్లేదు. నిజంగానే మంచి సదుపాయం. కాకపోతే పెట్రోలు బండి ఉన్నవాడెవడూ ట్యాంకు ఊడదీసి పడగ్గదిలో పెట్టుకోడు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, కొద్ది రోజుల తేడాతో విజయవాడలోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక హోటలు భవనం అడుగున ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పంటుకుని, పైన గదుల్లో దిగినవాళ్లలో 8 మంది చనిపోయారు. మంటకంటే ముందు మెట్లెక్కింది పొగ.

ఆ డబ్బాలో ఏముంది? చాలా బ్యాటరీల్లో బొటనవేలు లావున, అంతకంటే కొంచెం పొడుగ్గా ఉండే స్థూపాకారపు సెల్సు ఉంటాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కోటీ దాచుకునే శక్తి 9 వాట్ అవర్లనుకుంటే, 2 యూనిట్ల బ్యాటరీకి అలాంటివి రెండు వందలకు పైనే కావాలి. ప్రతి సెల్లులోనూ ధన, రుణ ధ్రువాల పొరలను విడదీసేది వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ తెర. లోపల వేడి సుమారు 130 డిగ్రీలకు చేరితే ఆ తెర కరగడం మొదలవుతుంది. పొరలు ఒకదానికొకటి తగిలి వేడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు ధన ధ్రువంలోని పదార్థం తానే ఆక్సిజన్ వదులుతుంది, లోపలి ద్రావకం మండుతుంది, పక్క సెల్లు కాగుతుంది. గాలి అందకుండా దుప్పటి కప్పినా ఈ మంట ఆరకపోవడానికి కారణం ఇదే. అగ్నిమాపక సిబ్బంది గంటల తరబడి నీళ్లు కొట్టేది సెల్సును చల్లబరచడానికి. ఇంట్లోవాళ్లు చేయగలిగిందల్లా తలుపు మూసి బయటపడడం. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ ఫ్లోరైడు ఉంటాయి కాబట్టి వస్తువుల కోసం వెనక్కి వెళ్లడం ఆత్మహత్యే.

ఇక్కడే కొనేవాడు తేల్చుకోవాల్సిన బేరం ఒకటుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన సెల్సు తేలిక, మైలేజీ ఎక్కువ. కానీ అవి అదుపు తప్పే ఉష్ణోగ్రత సుమారు 210 డిగ్రీలు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్సు సుమారు 270 దాకా ఓర్చుకుంటాయి. ఫాస్ఫరస్, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది మరి. మన్నిక కూడా వీటికే ఎక్కువ. అయితే అంతే శక్తికి బరువు పెరుగుతుంది, మేడ మీదికి మోయడం కష్టమవుతుంది. నన్నడిగితే, బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకోక తప్పనివాళ్లు ఆ బరువు మోయడమే మేలు. ఐరన్ ఫాస్ఫేట్ అసలు కాలదని షాపులో చెప్తే మాత్రం నమ్మొద్దు. ప్రమాదం తగ్గుతుందే గానీ పోదు.

వరుస ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని బిగించింది. రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. కావాలనే ఒక సెల్లును అదుపు తప్పించి, మంట మిగతా బ్యాటరీకి పాకుతుందో లేదో చూసే పరీక్ష అందులో ఉంది. అంతకుముందు తయారైన సెకండ్‌హ్యాండు బండికి, పాత సెల్సు మార్చి లోకల్‌గా కట్టిచ్చే బ్యాటరీకి ఆ భరోసా ఉండదు. చవకగా వస్తుందని మనవాళ్లు మొగ్గేది మాత్రం వాటికే.

లైసెన్సు అక్కర్లేని బండ్లది వేరే కథ. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపుండి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు దాటకపోతే రిజిస్ట్రేషనూ వద్దు, లైసెన్సూ వద్దు. అందుకే ఇవి పిల్లల చేతికీ, పెద్దవాళ్ల చేతికీ వెళ్తున్నాయి. కాలనీ లోపల తిరగడానికి ఇంతకంటే మంచి బండి లేదు. అదే ఇద్దరెక్కి ఫ్లైఓవరు మీదికి వెళ్తే? నూటికి అయిదు వంతుల వాలున్న చోట, 200 కిలోల మొత్తం బరువును 250 వాట్లు నిలకడగా లాగగలిగే వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లే. వెనక బస్సు వస్తుంటే ఆ నెమ్మదే ప్రమాదం. కొందరు మెకానిక్ చేత వేగం కట్టు తీయించి 40కి తోలుతారు. అప్పుడు బ్రేకులు ఆపాల్సిన శక్తి రెండున్నర రెట్లవుతుంది, బ్రేకులు మాత్రం 25కి చేసినవే. హెల్మెట్ సంగతీ అంతే. పెట్టుకోకపోతే చలానా రాకపోవచ్చు, తారు రోడ్డు మాత్రం చూస్తూ ఊరుకోదు.

నిలబడి నడిపే చిన్న చక్రాల స్కూటర్లను మన రోడ్ల మీద నేను సిఫారసు చేయను. ఎనిమిది అంగుళాల చక్రం గుంతలో దిగితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. నున్నటి వీధులున్న పారిస్ కూడా ఓటింగు పెట్టి 2023 సెప్టెంబరు నుంచి అద్దె స్కూటర్లను సాగనంపింది.

కాబట్టి షాపుకెళ్లేముందు మీ ఇంట్లో చార్జింగు పెట్టే చోటు చూసుకోండి. బండి మెట్ల కింద గానీ, బ్యాటరీ గుమ్మానికి అడ్డంగా గానీ, పడుకునే గదిలో గానీ వద్దు. కంపెనీ చార్జరే వాడండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. ఎండన పడి వచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి ప్లగ్గు పెట్టండి, రాత్రంతా వదిలేయకండి. ఉబ్బినా, నీళ్లలో మునిగినా, కింద పడినా సర్వీసు సెంటర్లో చూపించేదాకా ఇంట్లోకి తేవద్దు.