ఆవిరిలో దాగిన వేడి

ఎసరు మరగిన పిదప మంట నెంత పెంచినను నీటివేడి 100 డిగ్రీలను మించదు. మరి యా వేడిమి యేమగుచున్నది? నీటిని ఆవిరిగా మార్చుటకై వ్యయమై, ఆ యావిరియందే దాగియుండును. దీనికి గుప్తోష్ణమని పేరు. 1760 ప్రాంతమున స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ అను పండితుడు దీనిని కనుగొనెను.

ఒక గ్రాము నీటిని 0 నుండి 100 డిగ్రీలకు కాచుటకు 100 కెలోరీలు చాలును. దానినే ఆవిరి చేయుటకు మఱి 540 కెలోరీలు వలయును. ఆవిరి చేతికి సోకి నీరగునపుడు ఆ వేడియంతయు చర్మమున దిగవిడుచును. కావుననే మరుగునీటికంటె ఆవిరి తీవ్రముగా కాల్చును.

మూతను ఆవలి యంచున ముందుగా నెత్తుడు. ఆవిరి మీవైపు రాదు. చేయి కాలినచో వెన్న పూయక, 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచుడు.