శత్రువును అందుకోవాలంటే బ్రేకు వేయాలి!

సినిమాల్లోనూ బొమ్మల కథల్లోనూ ఇటువంటి ఘట్టం మీరు చూసే ఉంటారు. సైన్యానికి చెందిన ఒక రోదసీనౌకను దాని పైలట్టే ఎత్తుకుపోతాడు. సేనాధిపతి మరో నౌక ఎక్కి వెంటపడతాడు. దొంగ 50 కిలోమీటర్ల ముందున్నాడు. "వేగం పెంచండి! ఇంకా పెంచండి!" అని సేనాధిపతి అరుస్తాడు. వెనక మంటలు చిమ్ముతాయి, నౌక బాణంలా దూసుకుపోతుంది, దొంగ చిక్కుతాడు. చెవులు చిల్లులు పడేటంత మోత కూడా వినిపిస్తుంది. గాలి లేనిచోట మోత ఎలా వినిపించిందో ఆ సినిమా తీసినవారినే అడగాలి.

మోత సంగతి పోనివ్వండి. ఈ వెంబడింపు భూమి చుట్టూ ఉన్న కక్ష్యలో జరిగిందనుకుందాం. అప్పుడు వేగం పెంచిన సేనాధిపతి దొంగను పట్టుకోలేడు సరికదా, గంటన్నర గడిచేసరికి దాదాపు 1,800 కిలోమీటర్లు వెనకబడిపోతాడు! ఇది నమ్మశక్యంగా లేదు కదూ? అయితే కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. లెక్క వేసి చూద్దాం.

రోడ్డు మీద బస్సు ఎంత వేగంగా పోయినా రోడ్డు మీదనే ఉంటుంది. దారి వేరు, వేగం వేరు. కక్ష్యలో అలా కాదు. అక్కడ వేగమే దారిని నిర్ణయిస్తుంది. భూమికి 400 కి.మీ. ఎత్తున తిరిగే నౌక నిజానికి ప్రతి క్షణం భూమి వైపు పడిపోతూనే ఉంటుంది. కాని సెకనుకు 7.67 కి.మీ. చొప్పున పక్కకు కూడా పరుగెడుతున్నది గనుక, అది ఎంత పడుతుందో గుండ్రని భూమి కూడా దాని కింద అంతే వంగిపోతుంది. అందువల్ల నేలను తాకకుండా చుట్టూ తిరుగుతుంది. ఆ ఎత్తున వృత్తాకారంగా తిరగడానికి ఆ ఒక్క వేగమే సరిపోతుంది. అంతకన్న ఎక్కువైతే నౌక ఆ వృత్తంలో ఉండదు, పైకి లేస్తుంది. తక్కువైతే కిందికి జారుతుంది.

ఇప్పుడు మన సేనాధిపతి దగ్గరకు వద్దాం. ఆయనా, దొంగా ఇద్దరూ 400 కి.మీ. ఎత్తున ఒకే కక్ష్యలో ఉన్నారు. ఒక చుట్టుకు 92½ నిమిషాలు పడుతుంది. సేనాధిపతి తన వేగాన్ని సెకనుకు 100 మీటర్లు పెంచాడు. మొదటి పది నిమిషాలు ఆయన సంతోషానికి హద్దులుండవు, ఎందుకంటే దొంగ దగ్గరవుతున్నట్లే కనిపిస్తాడు. కాని ఈలోగా ఆయన నౌక 40 కి.మీ. పైకి కూడా లేచిపోయింది. పైకి లేచేకొద్దీ, పైకి విసిరిన రాయిలాగా, దాని వేగం తగ్గుతూ వస్తుంది. పైగా ఇప్పుడది తిరగవలసిన దీర్ఘవృత్తం పాత వృత్తం కంటే పెద్దది. చుట్టు పూర్తిచేసి బయలుదేరిన చోటికి వచ్చేసరికి పాత సమయం కంటే దాదాపు 3¾ నిమిషాలు ఆలస్యమవుతుంది. దొంగ ఈ ఆలస్యంలో ఎంత దూరం పోతాడు? 225 సెకన్లను 7.67 తో హెచ్చించండి. 1,700 కి.మీ. దాటింది. మొదట ఉన్న 50 కూడా కలుపుకోండి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1965 జూన్ 3న అమెరికా వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్‌కు సరిగ్గా ఇదే అనుభవమయింది. ఆయన వైమానిక దళ పైలట్, జెమిని-4 నౌకకు నాయకుడు. నౌకను కక్ష్యలో వదిలిన టైటాన్ రాకెట్ రెండో దశ కొంత దూరంలో దొర్లుకుంటూ తిరుగుతున్నది. దాని దగ్గరకు వెళ్లి పక్కపక్కనే ప్రయాణించి చూడాలని పథకం. విమానం నడిపిన అలవాటుకొద్దీ మెక్‌డివిట్ నౌక ముక్కును దానివైపు తిప్పి రాకెట్లు పేల్చాడు. అది దూరం జరిగింది. మళ్లీ పేల్చాడు. మళ్లీ దూరమయింది. ఇలా చేసి చేసి, నౌకను కదిలించే ఇంధనంలో దాదాపు సగం ఖర్చయిన తర్వాత ఆ ప్రయత్నం మానుకున్నారు. అదే యాత్రలో ఎడ్వర్డ్ వైట్ నౌక బయటకు వచ్చి రోదసిలో తేలిన తొలి అమెరికన్ అయ్యాడు గనుక పత్రికలన్నీ ఆ ఫోటోలనే వేశాయి. నన్నడిగితే మెక్‌డివిట్ వైఫల్యం నేర్పిన పాఠం కూడా అంత విలువైనదే.

మరి పట్టుకోవడం ఎలా?

బ్రేకు వేయాలి. అంటే రాకెట్టును ఎదురు దిక్కుకు పేల్చి వేగం తగ్గించుకోవాలి. 400 కి.మీ. ఎత్తున సేనాధిపతి సెకనుకు 29 మీటర్లు వేగం తగ్గించాడనుకోండి. నౌక కిందికి జారడం మొదలుపెడుతుంది. జారే వస్తువు వేగం పెరుగుతుందని మీకు తెలుసు. అర్ధ చుట్టు తిరిగి 300 కి.మీ. ఎత్తుకు దిగేసరికి దాని వేగం 7.64 నుంచి 7.75 కి.మీ.కు పెరుగుతుంది. అక్కడే వృత్తాకారంగా తిరగాలంటే ఈ వేగం కొంచెం ఎక్కువ. కాబట్టి మళ్లీ 29 మీటర్లు తగ్గించాలి. మిగిలింది 7.73. చూశారా చిత్రం! రెండుసార్లు బ్రేకు వేశాడు, చివరికి మొదటికంటే వేగంగా పోతున్నాడు. ఈ అదనపు వేగాన్ని ఇచ్చింది ఇంజను కాదు, భూమి ఆకర్షణ.

వేగం పెరిగింది, చుట్టు కూడా చిన్నదయింది. ఎడ్లతో నడిచే చెరుకు గానుగను తలుచుకోండి. గానుగకు దగ్గరగా నడిచే ఎద్దుకు దారి తక్కువ, బయటి దానికి ఎక్కువ. 300 కి.మీ. ఎత్తున ఒక చుట్టుకు 90½ నిమిషాలే. అంటే ప్రతి చుట్టుకూ సేనాధిపతికి 2 నిమిషాలు కలిసివస్తాయి. దూరంలో చెప్పాలంటే 900 కి.మీ. పైమాటే. గ్రహాలలోనూ ఇంతే కదా! సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు 48 కి.మీ. పరుగెత్తి 88 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాడు. 30 కి.మీ. వేగంతో పోయే మన భూమికి ఒక సంవత్సరం పడుతుంది. కెప్లర్ ఈ నియమాన్ని నాలుగు వందల ఏళ్ల క్రితమే కనిపెట్టాడు.

కింది కక్ష్యలో ఎంతసేపని తిరుగుతాడు? దొంగకన్నా కొంచెం వెనక ఉండగానే మళ్లీ పైకి లేవాలి. ఈసారి ముందుకు పేల్చాలి. దొంగ దాదాపు 2 డిగ్రీలు, అంటే సుమారు 230 కి.మీ. ముందున్నప్పుడు పేలిస్తే, అర్ధ చుట్టు తిరిగి పైకి చేరేసరికి ఇద్దరూ ఒకే చోట ఉంటారు. తొందరపడి ముందే పేలిస్తే వెనక మిగిలిపోతాడు. ఆలస్యంగా పేలిస్తే దొంగను దాటిపోతాడు. అందుచేత రోదసిలో వేటాడేవాడికి కావలసింది ఆవేశం కాదు, మంచి గడియారం.

ఈ లెక్కలను మెక్‌డివిట్ యాత్రకు ముందే శ్రద్ధగా చదివిన వైమానిక దళ అధికారి ఒకరున్నారు. ఆయనే బజ్ ఆల్డ్రిన్. మనుషులున్న రెండు నౌకలు కక్ష్యలో కలుసుకోవడం ఎలా అన్న విషయం మీదనే 1963లో డాక్టరేటు సంపాదించాడు. 1965 డిసెంబరు 15న వాల్టర్ షిరా, థామస్ స్టాఫర్డ్ జెమిని-6 లో ఎగిరి, అప్పటికి పదకొండు రోజులుగా తిరుగుతున్న జెమిని-7 ను కింది కక్ష్య నుంచి తరిమి, ఆరు గంటల్లో దాని దగ్గరకు చేరారు. చివరకు రెండు నౌకల మధ్య దూరం ఒక్క అడుగు! 1966 మార్చి 16న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ మరో అడుగు వేసి, మనుషులు లేని ఒక నౌకతో తమ నౌకను జోడించారు.

ఇదంతా సరదా కోసం చేసిన పని కాదు. 1969 జూలై 21న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుని నేల మీద నుంచి లేచినప్పుడు, వారు ఇంటికి చేరగల నౌక మైకేల్ కాలిన్స్‌తో పాటు చంద్రుని చుట్టూ దాదాపు 110 కి.మీ. ఎత్తున తిరుగుతున్నది. దాన్ని అందుకోలేకపోతే కాలిన్స్ ఒక్కడే తిరిగిరావలసి వచ్చేది. దాదాపు మూడున్నర గంటల పైన సాగిన ఆ వెంబడింపు, ముందు కింద తిరిగి తర్వాత పైకి లేవడం అనే ఈ పద్ధతిలోనే జరిగింది.

అయితే నిజమైన వేట కథ కావాలంటే సల్యూత్-7 కథే చెప్పాలి. 1985 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్ వారి ఈ రోదసీ కేంద్రం ఉన్నట్టుండి మూగబోయింది. ఎన్ని సంకేతాలు పంపినా జవాబు లేదు. లోపల ఎవరూ లేరు. 20 టన్నుల బరువున్న ఆ కేంద్రం ఎవరి మాటా వినని పెంకెఘటంలా మెల్లగా దొర్లుతూ తిరుగుతున్నది. అలాగే వదిలేస్తే ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. 1979 జూలైలో అమెరికా వారి స్కైలాబ్ కూలుతుందంటే మన ఊళ్లలో జనం ఎంత హడలిపోయారో మీ తాతయ్యలనూ అమ్మమ్మలనూ అడగండి, కథలు కథలుగా చెబుతారు.

మామూలుగా రోదసీ కేంద్రమూ దాని దగ్గరకు వచ్చే నౌకా రేడియోలో ఒకదానినొకటి పలకరించుకుంటూ దగ్గరవుతాయి. చచ్చిన కేంద్రం పలకదు. కనుక కంటితో చూసి, చేత్తో నడిపి పట్టుకోవాలి. ఆ పనికి వైమానిక దళ అధికారి వ్లాదిమిర్ జానిబెకోవ్‌ను నాయకునిగానూ, విక్టర్ సవినిఖ్‌ను ఇంజనీరుగానూ ఎంపిక చేశారు. 1985 జూన్ 6న వారు సోయుజ్ టి-13 లో బయలుదేరారు. నేల మీది రాడార్లు కేంద్రం ఎక్కడున్నదీ కనిపెట్టి వారికి దారి చెప్పాయి. రెండు రోజులకు అది మెరిసే చుక్కలా కంటబడింది. ఇక అక్కడి నుంచి లేజరుతో దూరం కొలిచే పరికరాన్ని చేత పట్టుకొని, కిటికీలోంచి గురిచూసి, దూరాన్ని బట్టి వేగం లెక్కకట్టుకుంటూ, కొంచెం ఎక్కువయితే తగ్గించుకుంటూ జానిబెకోవ్ దగ్గరకు వెళ్లాడు. కేంద్రం చుట్టూ తిరిగి, తలుపు ఉన్న కొస తనవైపు ఎక్కడుందో చూసుకొని, జూన్ 8న నౌకను దానికి జోడించాడు. ఢీకొంటే రెండూ పోయేవి. దాటిపోతే మళ్లీ వెతుక్కుంటూ రావడానికి ఇంధనం చాలదు.

లోపలికి వెళితే చిమ్మచీకటి. గోడల మీద మంచు. నీళ్లు గడ్డకట్టిపోయాయి. ఉన్ని టోపీలు, మందపాటి దుస్తులు వేసుకొని పనిచేశారు. ఇంకో ప్రమాదం వినండి. బరువు లేనిచోట వేడిగాలి పైకి పోదు. ఫ్యాన్లు ఆగిపోయాయి కనుక మనిషి వదిలిన బొగ్గుపులుసు గాలి ముఖం చుట్టూనే నిలిచిపోతుంది. అందువల్ల ఒకరు పనిచేస్తుంటే రెండోవారు కనిపెట్టుకుని ఉండేవారు. చార్జింగును నియంత్రించే ఒక చిన్న పరికరం చెడిపోవడం వల్ల బ్యాటరీలు ఖాళీ అయిపోయాయని తేలింది. సౌర ఫలకాల తీగలను నేరుగా బ్యాటరీలకు కలిపి, నౌక రాకెట్లతో కేంద్రాన్ని సూర్యుని వైపు తిప్పారు. కొన్నాళ్లకు కేంద్రం మళ్లీ ప్రాణం పోసుకుంది.

ఇప్పుడు దొంగ తరఫున కూడా కాస్త ఆలోచిద్దాం. సల్యూత్ పారిపోలేదు. తెలివైన పైలట్ పారిపోతాడు గదా! దాక్కోవడానికి రోదసిలో చెట్లూ గుట్టలూ లేవు, రాడార్లకు దొరికిపోతాడు. అతనికి మిగిలిన మంచి ఉపాయం కక్ష్య వాలును మార్చుకోవడం. భూమధ్యరేఖకు కక్ష్య ఎంత వాలుగా ఉందో ఆ కోణాన్ని ఒక్క డిగ్రీ మార్చాలంటే సెకనుకు 130 మీటర్ల పైచిలుకు వేగం ఖర్చు పెట్టాలి. ఇందాక సేనాధిపతి 100 కి.మీ. కిందికి దిగడానికి రెండు బ్రేకులకూ కలిపి ఖర్చయింది 58 మాత్రమే. 60 డిగ్రీలు మార్చాలంటే భూమి నుంచి కక్ష్యకు చేరడానికి సంపాదించిన 7.67 కి.మీ. వేగమంత మళ్లీ కావాలి. అంత ఇంధనం ఏ నౌకలోనూ ఉండదు. వెంబడించేవాడికైనా అంతే. ఎవరి ట్యాంకు ముందు ఖాళీ అయితే వారు ఓడినట్టు.

సైన్యాలకు ఈ లెక్కలు తెలియవనుకోకండి. 1968లో సోవియట్ యూనియన్ కాస్మోస్-248 అనే సొంత ఉపగ్రహాన్నే గురిగా పెట్టుకొని, కాస్మోస్-249, 252 అనే రెంటిని దాని వెంట పంపి దగ్గరకు రాగానే పేల్చివేసింది. గురి కుదిరింది గాని ఆ ముక్కలు దశాబ్దాల తరబడి ఆకాశంలో తిరిగాయి. సెకనుకు కిలోమీటర్ల వేగంతో పోయే ఇనుప ముక్కకు మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు.

మన దేశం కూడా ఈ వేట నేర్చుకుంది, అయితే శత్రువు లేకుండా. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్ 220 కిలోల ఉపగ్రహాలు రెంటిని 475 కి.మీ. ఎత్తుకు చేర్చింది. వాటిలో ఒకదాన్ని ఛేజర్ అనీ, మరోదాన్ని టార్గెట్ అనీ పిలిచారు. ముందు కావాలనే వాటిని కిలోమీటర్ల దూరం జరగనిచ్చి, తర్వాత ఒక్కొక్క మజిలీలో ఆపుతూ, పరీక్షిస్తూ దగ్గరకు తెచ్చారు. జనవరి మొదటి వారంలో అనుకున్నది రెండుసార్లు వాయిదా పడింది. జనవరి 12న మూడు మీటర్ల దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపారు. చివరకు 2025 జనవరి 16న రెండూ జోడీ కట్టాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని చేసినది మన దేశమే. మార్చి 13న వాటిని విడదీసి, ఏప్రిల్ 20న మళ్లీ కలిపారు. రెండూ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెడుతున్నాయి గదా, తాకే క్షణంలో ఒకదానివైపు మరొకటి జరిగే వేగం ఎంత ఉండాలని పథకం వేశారో తెలుసా? సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్లు. మీ స్కేలు మీద ఒక సెంటీమీటరు.