పాలపిట్ట నీలం, సిలికాన్ స్తంభం

దసరా నాడు పాలపిట్ట కనబడితే మంచిదని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో జనం పొలాల వైపు కదులుతారు. మన తెలంగాణ రాష్ట్ర పక్షి రెక్క విప్పితే మెరిసే ఆ నీలం ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు. సి.వి. రామన్ పక్షి ఈకల రంగులపై 1934లో ప్రచురించిన పత్రంలో పాలపిట్ట ఈకలను పరీక్షించారు. ఆకాశపు నీలానికి చెప్పే వివరణే (సూక్ష్మ కణాలు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొట్టడం) ఈకకూ సరిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అది చాలదని రామన్ వాదించారు.

ఆయన అనుమానం నిజమే. ఈక లోపల కెరాటిన్‌లో అతి సన్నని గాలి రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య ఎడం నీలి కాంతి తరంగదైర్ఘ్యంలో (దాదాపు 450 నానోమీటర్లు) సగానికి దగ్గరగా, ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుకే నీలి తరంగాలు ఒకదానికొకటి తోడై తిరిగి వస్తాయి. మిగతా కాంతిలో ఎక్కువ భాగాన్ని అడుగునున్న మెలనిన్ మింగేస్తుంది.

మరి పాత సీడీ మీద కనిపించే ఇంద్రధనుస్సు ఈక మీద ఎందుకు లేదు? సీడీ గీతల మధ్య దూరం 1600 నానోమీటర్లు. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి దాని మీద నిటారుగా పడితే సుమారు 20 డిగ్రీల దగ్గర ఒక కిరణం, 43 డిగ్రీల దగ్గర మరొకటి విడిపోతాయి. డీవీడీలో ఆ దూరం 740 మాత్రమే, అక్కడ ప్రతి పక్కా ఒక్క కిరణమే మిగులుతుంది. దూరం తరంగదైర్ఘ్యం కంటే తగ్గిందా, పక్క కిరణాలకు చోటే ఉండదు. ఈకలో ఎడం అంత చిన్నది కాబట్టే అక్కడ ఇంద్రధనుస్సు లేదు. గీతలు కాంతిని ఇలా విడదీయడమే వివర్తనం, అదంతా ఈ లెక్కే.

చిక్కేమిటంటే, మామూలు గ్రేటింగ్ (సీడీలా దగ్గర దగ్గర గీతలున్న పలక) కాంతిని కుడికీ ఎడమకీ పంచేస్తుంది. మనకు కావలసింది ఒక్క దిక్కు, మిగతాదంతా వృథా. వివర్తనం మీద మనవాళ్లూ పనిచేశారు. ద్రవంలోని అతిధ్వని తరంగాలు కాంతిని ఎలా వివర్తనం చెందిస్తాయో చెప్పే సిద్ధాంతాన్ని రామన్, నాగేంద్రనాథ్ 1935-36లో రూపొందించారు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయిన సూరి భగవంతం కూడా ఆ అతిధ్వనుల రంగంలోనే పరిశోధన చేశారు.

కాంతిని ఒకే దిక్కుకు పంపే ఇప్పటి మార్గం వేరు. గాజు మీద వందల నానోమీటర్ల ఎత్తున్న సిలికాన్ స్తంభాలను నిలబెడతారు. సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.5 కాబట్టి కాంతి ఒక్కో స్తంభంలో చిక్కుకుని అనునాదం చెందుతుంది. ఉయ్యాలను దాని లయకంటే కాస్త వేగంగానో నెమ్మదిగానో తోస్తే ఊపు వెనకబడటమో ముందుకు రావటమో జరుగుతుంది కదా, అలాగే స్తంభం వ్యాసం మారిస్తే కాంతి ఆలస్యం మారుతుంది. సన్నటి నుంచి లావుకు వరస పేర్చి, ఆ వరసనే మళ్లీ మళ్లీ పరిస్తే, ఆలస్యం మెట్లుమెట్లుగా పెరిగి కాంతి ఒకే పక్కకు ఒరుగుతుంది. స్తంభంలోని విద్యుత్, అయస్కాంత అనునాదాలు ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర కలిస్తే వెనక్కి పరావర్తనం కూడా దాదాపు ఆగిపోతుంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే చక్కగా తోచేది ఇదే.

ఈ అనునాదం కొత్తదేమీ కాదు. 1902లోనే భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ గ్రేటింగ్ వర్ణపటంలో అకారణంగా కనబడిన నల్లని పట్టీలను గమనించాడు. అవి ఉపరితలం వెంట పరుగెత్తే తరంగాల అనునాదమని 1941లో ఫానో వివరించాడు. అప్పటి తలనొప్పి ఇప్పటి పనిముట్టు.

అయితే అనునాదం ఇరుకైన పట్టీలోనే పనిచేస్తుంది; ఎరుపుకు కుదిరిన స్తంభం నీలానికి కుదరదు. పైగా సిలికాన్ నీలి కాంతిని మింగేస్తుంది. అందుకే భౌతిక శాస్త్రవేత్త కపాసో బృందం 2016లో కంటికి కనబడే కాంతి కోసం టైటానియం డయాక్సైడ్ స్తంభాలతో చదునైన కటకం చేసింది.