కత్తి చేతిలో రాజు

పేరున్న కత్తులకు ఫాంటసీ సాహిత్యంలో కొదవలేదు. వీరుడి వంశం ఎంత గొప్పదో కత్తి పేరూ అంత గంభీరంగా ఉండాలన్నది అక్కడ అలిఖిత నియమం. ఆ కత్తి మాత్రం వీరుడి మాట వినాలి. 1961లో మైకేల్ మూర్‌కాక్ అనే 21 ఏళ్ల లండన్ కుర్రాడు ఈ లెక్కను తలకిందులు చేశాడు. సైన్స్ ఫాంటసీ పత్రికలో అచ్చయిన 'ద డ్రీమింగ్ సిటీ' కథలో అతడు సృష్టించిన నల్లకత్తి స్టార్మ్‌బ్రింగర్ తాను చంపినవారి ఆత్మలను తాగేస్తుంది. ఆ బలాన్ని పట్టుకున్నవాడికి ఎక్కిస్తుంది.

ఆ పట్టుకున్నవాడు ఎల్రిక్. పతనమవుతున్న మెల్నిబోనె సామ్రాజ్యానికి చివరి చక్రవర్తి. పుట్టుకతోనే పాలిపోయిన ఒళ్లు, ఎర్రటి కళ్లు. మందులు, మూలికలు లేకపోతే లేచి నిలబడలేనంత నీరసం. కత్తి చేతికొచ్చాక మందులతో పని తగ్గింది కానీ హత్యలతో పని పెరిగింది.

టోల్కీన్ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' (1954-55)లో పరిస్థితి వేరు. పూర్వీకుడు ఎలెండిల్ పడిపోయినప్పుడు విరిగిన నార్సిల్ ముక్కలను అతికి, ఆండూరిల్ అని కొత్త పేరు పెట్టి అరగార్న్‌కు అందిస్తారు. అది ఆయుధం కన్నా ఎక్కువగా వారసత్వ ధ్రువపత్రం. పీటర్ జాక్సన్ 2003 సినిమా ఈ సంగతిని మరింత స్పష్టం చేసింది. నవలలో ప్రయాణం మొదట్లోనే అందే కత్తిని మూడో భాగం దాకా ఆపి, అతడు రాజు కావలసిన వేళకు చేతిలో పెట్టింది. అరాచకవాది అయిన మూర్‌కాక్‌కు ఇలాంటి రాజభక్తి గిట్టదు. 1978లో 'ఎపిక్ పూ' వ్యాసంలో టోల్కీన్‌ను ఉతికి ఆరేశాడు. కాస్త అన్యాయంగానే అనాలి. అధికారం మనిషిని తినేస్తుందని టోల్కీన్‌కూ తెలుసు. కాకపోతే ఆ పాపాన్నంతా ఉంగరం మీద వేసి, కత్తిని పవిత్రంగా ఉంచాడు.

అసలు పరీక్ష ఆయుధాన్ని వదిలేయాల్సినప్పుడు వస్తుంది. మహాప్రస్థానానికి బయల్దేరిన అర్జునుడు అన్నీ వదిలినా గాండీవం మీద మమకారం చంపుకోలేకపోతాడు. అగ్ని ఎదురై అది వరుణుడిదని గుర్తుచేస్తే తప్ప నీళ్లలో విడవడు. 1485లో అచ్చయిన మాలరీ గ్రంథంలో ఆర్థర్ రాజు తన ఎక్స్‌కాలిబర్‌ను నీట వేసి రమ్మంటే, బెడివేర్ రెండుసార్లు దాచేసి అబద్ధమాడతాడు. మూడోసారి విసిరితే నీళ్లలోంచి ఓ చేయి లేచి అందుకుంటుంది. రెండుచోట్లా మనిషికే మనసొప్పదు, నీటికి అభ్యంతరం లేదు.

ఎల్రిక్‌కు ఎదురైంది దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రేయసి సైమోరిల్ ఆ కత్తికే బలయ్యాక అసహ్యంతో సముద్రంలోకి విసిరేస్తాడు. అది మునగదు. నీళ్లలో నిటారుగా నిలిచి వికృతంగా కేక పెడుతుంది. చివరికి అతడే ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకుంటాడు. క్యూబా క్షిపణి సంక్షోభానికి ఏడాది ముందు వెలువడిన ఈ ఘట్టాన్ని అణ్వస్త్ర రాజ్యాల కథగా చదువుకున్నా తప్పు పట్టలేం.

మాట్లాడే కత్తి కొత్త ఊహేమీ కాదు. ఫిన్లండ్ ఇతిహాసం 'కలెవల'లో కుల్లెర్వో ఆత్మహత్యకు ముందు తన కత్తినే సమ్మతి అడుగుతాడు, అది బదులిస్తుంది. స్టార్మ్‌బ్రింగర్ ఎవరి సమ్మతీ అడగదు. 1965 నాటి 'స్టార్మ్‌బ్రింగర్' నవల ముగింపులో మిత్రుడు మూన్‌గ్లమ్ ప్రాణం తాగి, ఆపైన యజమానినీ చంపి తన దారిన పోతుంది.

మూర్‌కాక్ మాత్రం వదల్లేదు. చనిపోయిన ఎల్రిక్ బతికున్న రోజుల్లోకి మళ్లీ మళ్లీ వెళ్లి కథలు రాస్తూనే వచ్చాడు. 'ద సిటడెల్ ఆఫ్ ఫర్గాటెన్ మిత్స్' 2022లో వెలువడింది. అప్పటికి రచయితకు 80 దాటాయి.