పిత్తనాళపు నొప్పి: కోయించుకొనవలెనా, వేచియుండవలెనా?

పిత్తాశయములో రాళ్లు పుట్టి, బాధ భరింపలేక, ఆ సంచిని శస్త్రచికిత్సచే తీయించుకొన్నవారు మనలో అనేకులు కలరు. వారిలో పెక్కుమందికి దానితో పీడ వదలిపోవును. కొందరికి మాత్రము సంచి పోయినను నొప్పి పోదు. కుడిప్రక్కటెముకల క్రిందనో, రొమ్ముకుహరము వద్దనో వెనుకటి పోటే మరల వచ్చి, అరగంటకు పైగా నిలిచి, వీపువరకు ప్రాకును. ఆ కొందరిలో నేనును ఒకడను. పిత్తనాళపు ముఖమును కోసి వెడల్పు చేసినచో గుణమిచ్చునేమో యని ఒక వైద్యుడు నాకు సూచించినారు. సమ్మతిపత్రముపై సంతకము చేయుటకు ముందు నేను విచారించి తెలిసికొన్న సంగతులను నేడు మీకు మనవి చేయుదును. నేను వైద్యుడను కాను. రోగిగా ఏమి అడుగవలెనో నేర్చుకొన్నవాడను మాత్రమే.

ముందుగా ఆ స్థలమెట్టిదో చూతము. కాలేయములో పుట్టిన పిత్తము ఒక నాళముద్వారా చిన్నప్రేగు మొదటిభాగములోనికి వచ్చును. క్లోమము నుండి జీర్ణరసమును తెచ్చు నాళముకూడ అచ్చటికే చేరును. ఈ రెండింటి ముఖమున, కాలువకు తూము వలె, ఉంగరపు ఆకృతిగల చిన్న కండరమొకటి యున్నది. 1887వ సంవత్సరమున ఇటలీ దేశములో రుజ్జేరో ఒడ్డి యను యువకుడు, ఇంకను విద్యార్థిగా నుండగనే, దీని స్వభావమును వివరించెను. నేటికిని అది అతని పేరనే పిలువబడుచున్నది. మనము భుజించినప్పుడు ఈ తూము సడలి పిత్తమును వదలును. తక్కిన వేళలలో బిగిసియుండును. ఇది సడలవలసినప్పుడు సడలనిచో నాళములో ఒత్తిడి హెచ్చి నొప్పి కలుగునని వైద్యులు ఊహించిరి.

ఆ తూమును తెరచుటకు పూర్వము పొట్ట కోయవలసి యుండెను. 1968లో అమెరికాలో మక్యూన్ అను వైద్యుడు, ఆయన సహచరులు, నోటిద్వారా గొట్టమును దింపి ఆ ముఖమును చేరి, నాళములో రంగుమందు నెక్కించి ఎక్స్‌రే చిత్రము తీయు పద్ధతిని వెల్లడించిరి. దానినే నేడు ఈఆర్‌సీపీ అందురు. 1974లో జర్మనీయందు క్లాసెన్, డెమ్లింగ్ అనువారును, జపానునందు కవాయి అనువారును, ఆ గొట్టముగుండా సన్నని తీగను పంపి, విద్యుచ్ఛక్తిచే ఆ కండరమును కోయు విధానమును ప్రకటించిరి. నాళములో రాయి యడ్డుపడి, కామెర్లును చలిజ్వరమును వచ్చినవానికి ఈ చికిత్స ప్రాణదానమే. దానిని గూర్చి నాకు వివాదము లేదు. రాయి లేక, అడ్డు కనబడక, నొప్పి మాత్రమే యున్నవాని సంగతియే ఇచ్చటి ప్రశ్న.

ఏలననగా ఈ చికిత్సకు వెల యున్నది. ఆ ముఖముననే క్లోమనాళము కూడ నుండుటచే, దానికి తాకిడి తగిలి క్లోమము వాచవచ్చును. సాధారణముగా నూటికి మూడు మొదలు పదిమంది వరకు ఈ వాపు కలుగుచున్నది. పెక్కుమంది కొలదిదినములు ఆసుపత్రిలో నుండి కోలుకొందురు. కొందరికి అది తీవ్రమై ప్రాణముమీదికి వచ్చును. రక్తస్రావము, ప్రేగునకు చిల్లుపడుటయు అరుదుగా జరుగును. ఇందులో విచిత్రమేమనగా, రాళ్లున్నవారికంటె, ఏ అడ్డును లేక నొప్పి మాత్రమే యున్నవారికే ఈ వాపు ఎక్కువగా వచ్చుచున్నది. అనగా లాభము సందేహమైనచోటనే అపాయము హెచ్చు. అపాయమును తగ్గించు ఉపాయములు లేకపోలేదు. 2012లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, అపాయము హెచ్చుగానున్న 602 మంది పాల్గొనగా, ఇండోమెథాసిన్ అను మందును గుదద్వారమున పెట్టినవారిలో నూటికి 9.2 మందికిని, పెట్టనివారిలో నూటికి 16.9 మందికిని వాపు వచ్చినది. తగ్గినది నిజమే, పోలేదు.

ఇక లాభమెంత? వైద్యులు పూర్వము ఇట్టి రోగులను మూడు తెగలుగా విభజించిరి. నొప్పితోబాటు నాళము వెడల్పగుటయు, రక్తములో కాలేయపు ఎంజైములు పెరుగుటయు, రెండును గలవారు మొదటి తెగ. రెంటిలో ఒకటి మాత్రమే గలవారు రెండవ తెగ. నొప్పి తప్ప మరేమియు కనబడనివారు మూడవ తెగ. మొదటి తెగవారికి తూము నిజముగనే ఇరుకైయుండును. కోత వారికి తరచుగా మేలు చేయును. రెండవ తెగవారిని గూర్చి 1989లో 47 మందిపై జరిగిన పరీక్ష వెలువడినది. తూములో ఒత్తిడి హెచ్చుగానున్నవారికి కోత గుణమిచ్చెను. ఒత్తిడి సాధారణముగా నున్నవారికి ప్రత్యేకలాభము కనబడలేదు.

మూడవ తెగవారి సంగతి 2014లో తేలినది. అమెరికాలోని ఏడు వైద్యకేంద్రములలో 214 మంది రోగులను తీసికొని, 141 మందికి నిజముగా కోసిరి. 73 మందికి గొట్టము దింపిరే గాని కోయలేదు. ఎవరికేది చేసినదో రోగులకు తెలుపలేదు. ఒక సంవత్సరము గడచునప్పటికి, నొప్పిచే పనులు చెడు దినములు బాగుగా తగ్గి, మరియొక చికిత్సయు నల్లమందుజాతి మందులును అక్కరలేకపోయినవారు, కోసినవారిలో నూటికి 23. కోయనివారిలో నూటికి 37. కోత ఏ మేలును చేయలేదన్నమాట. 2016లో నిపుణులు ఆ మూడవ తెగ పేరునే తీసివేసిరి.

ఇందువలన ఆ రోగుల నొప్పి కల్పితమని యెవరును తలంపరాదు. నొప్పి నిజము, దానికి తూము కారణమనుట మాత్రము నిలువలేదు. కావున కారణమును వేరుచోట వెదుకవలెను. కడుపుపుండు, గుండెజబ్బు, నాళములో మిగిలిన చిన్నరాయి, ఇవి లేవని తేల్చుకొనవలెను. గొట్టముతో నాళమును తాకకయే ఎం.ఆర్.ఐ. చిత్రముచేతను, ఎండోస్కోపుద్వారా తీయు అల్ట్రాసౌండుచేతను రాళ్లను కనిపెట్టవచ్చును. కొన్ని వేళల నొప్పి లోపల లేక పొట్టగోడలోని నరములో నుండును. వెల్లకిల పరుండి, నొప్పియున్నచోట వ్రేలుంచి, తల యెత్తినప్పుడు నొప్పి హెచ్చినచో అట్లు శంకింపవచ్చును. మార్ఫిన్, కోడీన్ వంటి మందులు ఆ తూమును బిగియించును గనుక, నొప్పికి వేసికొను మాత్రయే నొప్పిని తెచ్చుట కలదు.

నా విషయమున, నొప్పి వచ్చిన కొన్ని గంటలలో రెండుమారులు రక్తము పరీక్షించిరి, ఎంజైములు పెరుగలేదు. నాళము వెడల్పు సాధారణముగనే యున్నది. అప్పుడు నేను డాక్టరుగారిని, “అయ్యా, నావంటివారిలో కోతవలన బాగుపడినవారెందరు? క్లోమము వాచినవారెందరు? మీరు సంవత్సరమునకు ఇట్టివెన్ని చేయుదురు? చేయకున్నచో నాకు ముప్పేమి?” అని యడిగితిని. ఆయన విసుగుకొనక, కడపటి ప్రశ్నకు ఇట్లు బదులిచ్చినారు: “నొప్పి యుండును, ప్రాణభయము లేదు.” ఆ మాటతో త్రాసు నాకు ఒకవైపునకు మొగ్గినది. కోయించుకొనలేదు. నొప్పి నన్ను పూర్తిగా విడువలేదు. నెలకొకటి రెండు రాత్రులు కూర్చుండియే తెల్లవార్చుచున్నాను. వేచియుండుటకు నేనిచ్చుచున్న వెల అది. రేపు ఎంజైములు పెరిగినచో, నాళము వెడల్పైనచో, ఈ నిర్ణయమును మార్చుకొందును.

నిదానమే ప్రధానమను సామెతయు మనదే. ఆలస్యము అమృతమును విషము చేయుననుటయు మనదే. కండ్లు పచ్చబడి, చలితో జ్వరము వచ్చినచో రెండవది పాటించి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. నొప్పి తప్ప మరే గుర్తును లేనిచో మొదటిదానిని పాటించి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను అడుగవలెను. వాటికి ఓపికతో బదులుచెప్పు వైద్యుని మాట వినుడు.